ఆయుధం ఎప్పుడు మనదవుతుంది?

(ఆచార్య సూరి భగవంతం గారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం)

వెనక వరుసల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు కనిపిస్తున్నారు. సైన్యంలో పనిచేసి రిటైరైన పెద్దలు కూడా కొందరు ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా మీ రెండు తరాల కోసం.

భౌతికశాస్త్రం చదువుకున్నవారికి భగవంతం గారి పేరు చెప్పగానే కాంతి మీద ఆయన చేసిన పని గుర్తొస్తుంది. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదువుకుని, 1928లో కలకత్తా వెళ్లి సర్ సి.వి. రామన్ దగ్గర చేరారు. ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగంతో చూపిన 1931 నాటి పరిశోధన రామన్, భగవంతం ఇద్దరి పేర్ల మీదా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూపు సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే పుస్తకం రాశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా పనిచేశారు.

ఆ తర్వాతి పని గురించి మనం తక్కువగా చెప్పుకుంటాం. 1961లో డి.ఎస్. కొఠారి గారి తర్వాత ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1969 దాకా ఆ బాధ్యత మోశారు. ఆ ఎనిమిదేళ్లలో దేశం రెండు యుద్ధాలు చూసింది. ఒకదానిలో దెబ్బతిన్నాం, మరొకదానిలో నిలబడ్డాం. క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. లోహాల ప్రయోగశాల డి.ఎం.ఆర్.ఎల్. 1963లో ఇక్కడే మొదలైంది. ఇవాళ కంచన్‌బాగ్ రోడ్డు మీద వెళుతుంటే కుడిఎడమల కనిపించే ఆ పొడవాటి ప్రహరీల వెనకటి పనికి తొలి అడుగులు ఆయన హయాంలోనే పడ్డాయి. అందుకే ఆయన స్మృతిలో మన సైన్యం ఆయుధాలు, వాహనాలు, సామగ్రి గురించి మాట్లాడటం సముచితమనుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకే మాట. డబ్బిచ్చి తెచ్చుకున్న రోజున ఆయుధం మనదైపోదు. దాన్ని మన చేతులతో విప్పి, బాగుచేసి, మన నేలకు తగ్గట్టు మార్చి, దానికి కావలసిన తూటా మనమే చేసుకోగలిగిన రోజున మనదవుతుంది. భారత సైన్యం డెబ్బై ఏడేళ్ల అనుభవం ఈ మాటకు సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని మెట్టు మెట్టుగా మీ ముందు పెడతాను.

1. జోజిలా ఎక్కిన ట్యాంకులు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సైన్యం చేతిలో ఉన్నదంతా రెండో ప్రపంచయుద్ధం మిగిల్చి వెళ్లిన సామగ్రి. .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, షెర్మన్ ట్యాంకులు, స్టూవర్ట్ అనే తేలికపాటి ట్యాంకులు. స్టూవర్ట్‌ను అప్పటికే ప్రపంచం పాతబడిందని పక్కన పెట్టేసింది. బరువు తక్కువ, ఫిరంగి చిన్నది, కవచం పలచన.

1948 శరత్కాలం నాటికి, పాకిస్తాన్‌తో కశ్మీర్ యుద్ధంలో, లద్దాఖ్‌కు దారి మూసుకుపోయింది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే మార్గంలో 11,500 అడుగులకు పైన ఉన్న జోజిలా కనుమ శత్రువు చేతిలో ఉంది. అక్కడ పదాతిదళం చేసిన దాడులు విఫలమయ్యాయి. జనరల్ తిమ్మయ్య అప్పుడు ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకున్నారు. ఆ ఎత్తుకు ట్యాంకులు ఎక్కించాలి.

ట్యాంకులు జమ్మూ వైపు ఉన్నాయి. దారిలోని వంతెనలు వాటి బరువును మోయలేవు. పైగా ట్యాంకులు కదులుతున్నాయని శత్రువుకు తెలిస్తే పథకమే పోతుంది. ఏడో లైట్ కేవల్రీ అనే ట్యాంకు దళం వాళ్లు టరెట్లు, అంటే ఫిరంగి ఉండే పైభాగాలు, ఊడదీశారు. బరువు తగ్గింది, ఆకారం మారింది. అలా శ్రీనగర్ దాటించి, ముందుకు తీసుకెళ్లి మళ్లీ బిగించారు. బాల్తాల్ నుంచి కనుమ దాకా కంచరగాడిదల బాట ఉండేది. దాన్ని ట్యాంకు పట్టే బాటగా మలిచింది మద్రాస్ సాపర్లనే సైనిక ఇంజనీర్లు. మన తెలుగు ప్రాంతాల నుంచి తరతరాలుగా మనుషులు చేరుతూ వచ్చిన దళం అది. శత్రువు చూస్తుండగా, మంచులో, రాళ్లు పగలగొట్టి బాట వేశారు.

1948 నవంబరు 1న ట్యాంకులు జోజిలా ఎక్కాయి. అక్కడ ట్యాంకు కనిపిస్తుందని శత్రువు కలలో కూడా అనుకోలేదు. కనుమ మన వశమైంది. అదే నెలలో లేహ్‌కు దారి తెరుచుకుంది.

స్టూవర్ట్‌ను తయారు చేసింది అమెరికా. అయినా ఊడదీసిన టరెట్‌ను మళ్లీ బిగించిన రోజు నుంచి అది మన ట్యాంకు. దాన్ని మనదిగా చేసింది స్పానర్ పట్టిన మెకానిక్కు, గునపం పట్టిన సాపరు. యుద్ధ చరిత్రల్లో అశ్వికదళం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. వీళ్లిద్దరి పేర్లకూ అంత చోటు దక్కాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

2. 1962: వెనకబడ్డ రైఫిలు, పలచటి కోటు

పద్నాలుగేళ్లు గడిచాయి. ఈసారి చైనాతో యుద్ధం. అదే లద్దాఖ్, ఇంకా ఎత్తున, చుషూల్ దగ్గర. పదమూడో కుమావ్ దళానికి చెందిన ఒక కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో రెజాంగ్‌లాను కాపలా కాస్తోంది. వాళ్ల చేతిలో ఉన్నది అదే .303 రైఫిలు. ఒక్కో తూటాకు బోల్టు లాగి మళ్లీ నెట్టాలి. కొండ మీద వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఆ పని ఎంత కష్టమో ఇక్కడున్న మాజీ సైనికులు చెప్పగలరు. ఎదుటివాడి చేతిలో తనంతట తానే మళ్లీ లోడయ్యే తుపాకులు. 1962 నవంబరు 18న ఆ కంపెనీలోని దాదాపు నూట ఇరవై మందిలో నూట పది మందికి పైగా అక్కడే ఒరిగారు. నెలల తర్వాత వెళ్లిన వాళ్లకు కందకాల్లో, ఆయుధాలు పట్టుకున్న చేతులతో, గడ్డకట్టిన దేహాలు కనిపించాయి.

వాళ్ల ధైర్యంలో లోటు లేదు. లోటు వాళ్లకు మనం ఇచ్చిన వస్తువుల్లో ఉంది. ఇషాపూర్‌లో మన సొంత రైఫిల్ ఫ్యాక్టరీ ఉంది, .303ను మనమే చేసుకుంటున్నాం. కానీ కాలంతోపాటు దాన్ని మార్చుకునే పని ఆగిపోయింది. తయారుచేయగలగడం మొదటి మెట్టయితే, మార్చుకోగలగడం రెండో మెట్టు. మొదటి మెట్టు మీదే కూర్చుండిపోతే ఏమవుతుందో 1962 చూపించింది. ఆ తర్వాతే ఇషాపూర్ నుంచి 7.62 మి.మీ. సెల్ఫ్ లోడింగ్ రైఫిలు వచ్చి, ముప్పై ఏళ్ల పాటు మన జవాను భుజం మీద నిలిచింది.

ఇంకొక మాట. సామగ్రి అంటే ట్యాంకు, తుపాకి మాత్రమే అనుకుంటాం. కోటు, బూటు, కళ్లద్దం, నిద్రసంచి కూడా సామగ్రే. 1962లో మైదానాల నుంచి కొండలకు పంపిన దళాలకు చలికోట్లు చాలలేదు. అది పాత కథ అనుకుని నిట్టూర్చి ఊరుకోవద్దు. 2020లో పార్లమెంటు ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక, సియాచిన్ వంటి ఎత్తుల్లో ఉన్న జవాన్లకు మంచు కళ్లద్దాలు, బూట్లు కొరతగా ఉన్నాయని రాసింది. మంచు కళ్లద్దం లేకపోతే ఎండకు మెరిసే తెల్లదనం కంటి చూపును దెబ్బతీస్తుంది. చూపు పోయిన జవాను చేతిలో ఎంత గొప్ప రైఫిలు ఉన్నా ఏం లాభం?

అదే 1962 అక్టోబరులో ఒక సాహసం కూడా జరిగింది. ఇరవయ్యో లాన్సర్స్‌కు చెందిన ఆరు ఎ.ఎం.ఎక్స్-13 తేలిక ట్యాంకులను ఎ.ఎన్-12 విమానాల్లో ఎక్కించి, సుమారు 14,000 అడుగుల ఎత్తున ఉన్న చుషూల్‌లో దించారు. తేలిక ట్యాంకు ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, దీనికి మళ్లీ వస్తాను.

3. అసల్ ఉత్తర్: యంత్రం ఎవరి మాట వింటుంది?

1965 సెప్టెంబరు. పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే పల్లె. పాకిస్తాన్ అమెరికా నుంచి తెచ్చుకున్న ప్యాటన్ ట్యాంకులతో ముందుకొచ్చింది. 90 మి.మీ. ఫిరంగి, దూరం కొలిచే స్టీరియో రేంజ్‌ఫైండర్, గురి లెక్కగట్టే యంత్రం. కాగితం మీద చూస్తే మన షెర్మన్ దాని ముందు ముసలిది. మన సెంచూరియన్లు గట్టివే గాని, లెక్కకు తక్కువ. ఆ పోరులో షెర్మన్లు నడిపిన దళాల్లో తొమ్మిదో డెక్కన్ హార్స్ ఒకటి. దాని మూలాలు మన నిజాం కాలపు హైదరాబాద్ గుర్రపుదళాల్లో ఉన్నాయి.

మనవాళ్లు కాలవలకు గండ్లు కొట్టి పొలాలు నీట ముంచారు. చెరకు తోటల్లో పొంచి కూర్చున్నారు. బరువైన ప్యాటన్లు బురదలో కూరుకుపోయాయి. మూడు రోజుల్లో దాదాపు వంద పాకిస్తానీ ట్యాంకులు ధ్వంసమయ్యాయి, లేదా మన చేతికి చిక్కాయి. వాటిని వరుసగా నిలబెట్టిన భిఖీవిండ్ ప్రాంతాన్ని జనం ప్యాటన్ నగర్ అన్నారు.

ప్యాటన్ ఎందుకు ఓడింది? నేల తడి ఒక కారణం, మన దళాల వ్యూహం మరొకటి. మూడో కారణాన్ని చాలామంది సైనిక చరిత్రకారులు ఎత్తి చూపారు. దాని గురి యంత్రాలు నిపుణుల చేతులు కోరుతాయి. అంత శిక్షణ వాటి సిబ్బందికి అందలేదు. సెంచూరియన్‌ను మన గన్నర్లు ఏళ్ల తరబడి వాడి, దాని గుణదోషాలన్నీ తెలిసి ఉన్నారు.

ఇక్కడే హవల్దార్ అబ్దుల్ హమీద్ గురించి చెప్పాలి. నాలుగో గ్రెనేడియర్స్ దళం. జీపు మీద బిగించిన 106 మి.మీ. రీకాయిల్‌లెస్ తుపాకి ఆయన ఆయుధం. ఈ తుపాకి పేలినప్పుడు వెనకనుంచి పెద్ద మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడినుంచి కాల్చారో శత్రువుకు వెంటనే తెలిసిపోతుంది. కాల్చిన మరుక్షణమే అక్కడినుంచి కదలాలి. అందుకే జీపు. హమీద్ ఈ తుపాకి వాడకంలో ఆరితేరినవారు, తోటివారికి నేర్పినవారు. ట్యాంకులు దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒకటి తర్వాత ఒకటి కూల్చి, చివరికి ప్రాణమిచ్చారు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు.

ఆ తుపాకీ కూడా విదేశీ నమూనాదే. కానీ దాని ప్రతి గుణమూ ఆ చేతికి తెలుసు. శిక్షణ అనేది ఆయుధానికి అదనంగా జతచేసే హంగు అనుకోవద్దు. అది ఆయుధంలో భాగం. రేంజ్‌ఫైండర్ లేని షెర్మన్‌కు మంచి గన్నర్ ఉంటే ట్యాంకవుతుంది. గన్నర్ లేని ప్యాటన్ ఖరీదైన ఇనుము.

4. బోఫోర్స్: బీరువాలో పడుకున్న డ్రాయింగులు

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన పేరుకు వద్దాం. 1986 మార్చిలో స్వీడన్ నుంచి 155 మి.మీ. బోఫోర్స్ ఫిరంగులు 410 కొనడానికి ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది మొదలైన ముడుపుల వివాదం దేశ రాజకీయాలనే మార్చేసింది. ఆ వివాదంలోకి నేను వెళ్లను. మన విషయం ఆ ఒప్పందంలోని మరో భాగం. ఫిరంగిని ఇక్కడే తయారు చేసుకునేందుకు డ్రాయింగులు, సాంకేతిక పత్రాలు కూడా మనకు వచ్చాయి. వివాదం వేడిలో ఆ పత్రాలు బీరువాల్లోనే ఉండిపోయాయి. కంపెనీతో సంబంధాలు తెగాయి. విడిభాగాలు రావడం తగ్గింది. కొన్ని ఫిరంగులను నడపడానికి మరికొన్నింటిని విప్పి భాగాలు తీసుకోవలసి వచ్చింది.

ట్రాక్టరు కొన్న ప్రతి రైతుకూ ఈ కష్టం తెలుసు. షోరూములో కట్టిన డబ్బు మొదటి ఖర్చు మాత్రమే. దుక్కి అదను మీద ఉన్నప్పుడు ఒక చిన్న బేరింగు దొరక్కపోతే, లక్షల రూపాయల బండి చెట్టు కింద నిలబడిపోతుంది.

1999 వేసవి. కార్గిల్ శిఖరాల మీద శత్రువు కూర్చున్నాడు. మేజర్ పద్మపాణి ఆచార్య వంటి యువ అధికారులు, వారి జవాన్లు నిటారు కొండలు ఎక్కాలి. హైదరాబాద్‌లో పద్మపాణి గారి కుటుంబాన్ని ఎరిగినవారు ఈ సభలో ఉండే ఉంటారు. ఎక్కేవాళ్ల తలల మీదుగా శిఖరాన్ని అణిచిపెట్టింది బోఫోర్స్. తోలోలింగ్ నుంచి టైగర్ హిల్ దాకా అదే కథ. ఆ యుద్ధంలో మన శతఘ్ని దళం మొత్తం మీద సుమారు రెండున్నర లక్షల గుండ్లు, బాంబులు, రాకెట్లు కాల్చిందని అంచనా.

రెండున్నర లక్షలు! ఒక్కో 155 మి.మీ. గుండు నలభై కిలోలకు పైనే ఉంటుంది. అది ఇనప ముద్దలా కనిపిస్తుంది గాని, అందులో ఎన్నో భాగాలున్నాయి. బయటి ఉక్కు, లోపలి పేలుడు పదార్థం, ముక్కున పేలుడును రగిల్చే ఫ్యూజు. వెనకనుంచి నెట్టే మందు విడిగా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవన్నీ గిడ్డంగి బరువే. యుద్ధం నడుస్తుండగానే మందుగుండు కోసం మనం విదేశాలను ఆశ్రయించవలసి వచ్చింది.

ఆ పాఠం తర్వాత ఏం జరిగింది? సైన్యం నలభై రోజుల గట్టి యుద్ధానికి సరిపడా మందుగుండు నిల్వ ఉంచుకోవాలని లక్ష్యం. 2015లో వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, 2013 మార్చి నాటికి ఆ నిల్వ ఉన్నవి మొత్తం రకాల్లో పది శాతమే. సగం రకాలు పది రోజులకు కూడా చాలవు. శతఘ్ని గుండ్లకు ఫ్యూజుల కొరత గురించీ కాగ్ హెచ్చరించింది. ఆ తర్వాత అత్యవసర కొనుగోళ్లు జరిగాయి, నిల్వలు మెరుగయ్యాయి. కానీ పద్నాలుగేళ్ల పాటు కార్గిల్ జ్ఞాపకం మన గిడ్డంగులకు చేరలేదన్న నిజం మిగిలిపోతుంది.

ఆ బీరువాల్లో పడుకున్న డ్రాయింగులు మళ్లీ బయటికి వచ్చింది 2010 తర్వాతే. వాటిని ఆధారంగా చేసుకుని, బ్యారెల్ పొడవు పెంచి, కొత్త గురి వ్యవస్థ జతచేసి జబల్‌పూర్ ఫ్యాక్టరీ ధనుష్ అనే ఫిరంగిని తయారుచేసింది. దాని పరిధి 38 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో మొదటి ఆరు ఫిరంగులు సైన్యానికి అందాయి. ఒప్పందానికీ ధనుష్‌కూ మధ్య ముప్పై మూడేళ్లు. పత్రం చేతికొచ్చినంత మాత్రాన విద్య రాదు. దాన్ని చదివి, బ్యారెల్ తయారుచేసి, పరీక్షించి, పగిలితే ఎందుకు పగిలిందో తెలుసుకున్నాకే వస్తుంది.

5. లోహం నుంచి మొదలుపెట్టాలి

లోహశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి ఈ భాగంలో కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఓపిక పట్టండి.

ఆయుధం ఎంత లోతుగా మనదో తెలియాలంటే, దాని లోహం ఎవరిదో అడగాలి. ఇదే నగరంలో డి.ఎం.ఆర్.ఎల్. శాస్త్రవేత్తలు ట్యాంకుకు కొత్త రకం కవచం రూపొందించారు. ఉక్కు పలకల మధ్య వేరే పదార్థాల పొరలు పేర్చి చేసిన మిశ్రమ కవచం అది. లోపలి కూర్పు రహస్యం. దాన్ని తయారుచేసిన చోటు పేరే దానికి పెట్టారు, కంచన్ కవచమని. మన సొంత అర్జున్ ట్యాంకుకు అదే రక్ష. ఇలాంటి కవచాన్ని ఏ దేశమూ మరో దేశానికి విప్పి చెప్పదు. మనమే కనుక్కోవాలి, కనుక్కున్నాం.

1973లో ఏర్పడిన మిధాని అదే కంచన్‌బాగ్‌లో టైటానియం మిశ్రమాలు, ప్రత్యేక ఉక్కులు, కవచ పలకలు చేస్తోంది. లోహం మారితే ఆయుధం ఎలా మారుతుందో ఒక పోలికతో చెబుతాను. బోఫోర్స్ ఫిరంగి సుమారు పన్నెండు టన్నులు. అమెరికా నుంచి కొన్న ఎం-777 కూడా 155 మి.మీ. ఫిరంగే, కానీ టైటానియం వాడటం వల్ల దాని బరువు నాలుగు టన్నుల పైచిలుకు. హెలికాప్టరుకు వేలాడదీసి కొండ మీదికి చేర్చవచ్చు. గుండు కొలత అదే, లోహం వేరు. ఆ తేడా వల్లే బరువైన ఫిరంగి ఎక్కలేని కొండను కూడా ఇది ఎక్కగలిగింది.

అలాగే సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం వెళ్లండి. 1984లో శంకుస్థాపన జరిగిన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అక్కడ ఉంది. రష్యా నమూనా బి.ఎం.పి-2 వాహనాన్ని సారథ్ పేరుతో 1987 నుంచి అక్కడ తయారుచేస్తున్నారు. పద్నాలుగు టన్నుల ఆ వాహనం ముగ్గురు సిబ్బందిని, ఏడుగురు సైనికులను మోస్తుంది. 30 మి.మీ. ఫిరంగి, ట్యాంకును కొట్టే క్షిపణి దానికి ఉంటాయి. నీళ్లలో ఈదుతుంది. ఆ క్షిపణిని చేసేది 1970లో హైదరాబాద్‌లో పుట్టిన భారత్ డైనమిక్స్. ఫ్రెంచివారి ఎస్.ఎస్-11 ట్యాంకు విధ్వంసక క్షిపణితో మొదలుపెట్టి, ఇవాళ మన సొంత ఆకాశ్ దాకా వచ్చిన సంస్థ అది. అనుకరణతో మొదలై సొంత రూపకల్పన దాకా ఎలా నడవాలో ఈ ఊళ్లోనే ఒక దారి కనిపిస్తుంది.

ఆ దారి నున్నగా లేదు. అర్జున్ ట్యాంకు పథకానికి 1974లో అనుమతి వచ్చింది. సైన్యంలోకి వచ్చింది 2004లో. ఇంజను జర్మనీది. బరువు అరవై టన్నులకు దగ్గరై, రవాణాకు, వంతెనలకు కష్టమైంది. కవచం మనదైనా ఇంజను మనది కాలేదు. ఏ భాగం మన చేతికి రాలేదో ఆ భాగమే మనల్ని ఆపుతుంది. ఇంజనూ గేరుబాక్సూ నేర్చుకునే పని ఇంకా మన ముందుంది. విద్యార్థుల్లారా, అది మీ పని.

6. జవాను మాట డ్రాయింగు బల్ల దాకా రావాలి

లోహం మనదై, ఫ్యాక్టరీ మనదై, డ్రాయింగు మనదైనా, ఆయుధం ఇంకా మనది కాకపోవచ్చు. ఇన్సాస్ రైఫిలు దానికి ఉదాహరణ. మన రూపకల్పన, మన తయారీ. 5.56 మి.మీ. తూటా. కార్గిల్ దాని తొలి పెద్ద పరీక్ష. చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. కొన్నిసార్లు కాల్పులకు ఆటంకం కలిగింది. కాల్చేవాడి కంటి మీదికి నూనె చిమ్మిందనే ఫిర్యాదులు వచ్చాయి.

లోపం లేని రైఫిలు మొదటిసారే ఎవరికీ కుదరదు. ప్రపంచంలో పేరున్న రైఫిళ్లలో కొన్ని కూడా ఇలాంటి ఫిర్యాదులతో మొదలైనవే. తేడా ఎక్కడంటే, కొండ మీది జవాను చెప్పిన మాట ఎంత త్వరగా డ్రాయింగు బల్ల మీదికి చేరింది, ఎంత నిజాయితీగా మార్పు జరిగింది అన్నదాంట్లో. మనకు ఆ తిరుగు దారి ఇరుకు. ఇన్సాస్‌కు మార్పులు చేశారు, కానీ జవాను నమ్మకం తిరిగి రావడానికి అవి చాలలేదు. చివరికి అమెరికా నుంచి 7.62 మి.మీ. సిగ్ రైఫిళ్లు కొన్నాం. రష్యా భాగస్వామ్యంతో అమేఠీ జిల్లా కోర్వాలో ఎ.కె-203 తయారుచేయడానికి 2021లో ఒప్పందం చేసుకున్నాం. ఆరు లక్షలకు పైగా రైఫిళ్లు. ఆ రైఫిలు కొండ మీదికి వెళ్లి, అక్కడి మాట కోర్వాకు తిరిగివచ్చి, రెండో రూపం మూడో రూపం ఇక్కడే పుట్టాలి. అలా పుట్టకపోతే మరో ఇరవై ఏళ్లకు ఇదే కథ మళ్లీ చెప్పుకుంటాం.

మనసులో ఉంచుకోమన్న తేలిక ట్యాంకు దగ్గరికి ఇప్పుడు వస్తాను. 1948లో స్టూవర్ట్ జోజిలా ఎక్కింది. 1962లో ఎ.ఎం.ఎక్స్ చుషూల్‌లో దిగింది. కొండలకు తేలిక ట్యాంకు కావాలని మన సైన్యం తన అనుభవంతోనే రెండుసార్లు తెలుసుకుంది. కాలం తీరి ఆ ట్యాంకులు వెళ్లిపోయాక వాటి చోటు ఖాళీగా ఉండిపోయింది. 2020లో గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు, ఆయన సహచరులు అమరులైన తర్వాత, తూర్పు లద్దాఖ్‌కు మైదానాల కోసం చేసిన నలభై టన్నులు దాటిన టి-72, టి-90 ట్యాంకులను పంపాం. ఆ చలిలో ఇంజన్లు గడ్డకట్టకుండా ప్రత్యేక ఇంధనం వాడుతూ, రాత్రిళ్లు లేచి ఇంజన్లు తిప్పుతూ మన సిబ్బంది వాటిని నిలబెట్టారు. దాదాపు పాతిక టన్నుల జోరావర్ అనే మన తేలిక ట్యాంకు తొలి నమూనా బయటికి వచ్చింది 2024 జూలైలో. సైన్యానికి జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకాన్ని ఏళ్ల తరబడి మోసుకెళ్లి కార్ఖానాకు అందించే మనుషులు, వ్యవస్థ కావాలి.

7. మరి కొనకూడదా?

ఇంతసేపు విన్నాక మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. అన్నీ మనమే చేసుకోవాలని కూర్చుంటే, అర్జున్‌లా ముప్పై ఏళ్లు పడితే, ఆ ముప్పై ఏళ్లూ సరిహద్దులో జవాను దేనితో నిలబడాలి? ఈ ప్రశ్నను నేను పూర్తిగా గౌరవిస్తాను. అవసరం తలుపు దగ్గరికి వచ్చినప్పుడు కొనాల్సిందే. కార్గిల్‌లో బోఫోర్స్ లేకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో ఊహించడానికే భయం. స్వదేశీ అనే పేరు చెప్పి జవానుకు నాసిరకం వస్తువు ఇవ్వడం ద్రోహం.

నేను కోరేది ఒక్కటే. కొన్న రోజునుంచే దాన్ని మనదిగా చేసుకునే పని మొదలవ్వాలి. అది సాధ్యమేనని చూపే ఉదాహరణ ఒకటుంది. ఎల్-70 అనే 40 మి.మీ. విమాన విధ్వంసక తుపాకి 1960ల నుంచి మన దగ్గర ఉంది. అదీ స్వీడన్ నమూనాయే. దాన్ని పారేయకుండా, భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు పగలూ రాత్రీ చూడగల కళ్లు, విద్యుత్ చోదనం అమర్చారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన డ్రోన్లను కూల్చిన వాటిలో ఆ పాత తుపాకి కూడా ఉంది. దాని పక్కన ఆకాశ్ క్షిపణి ఉంది, మన హైదరాబాద్‌లో పుట్టినది. ఇలాంటి డ్రోన్లు లేని కాలంలో చేసిన తుపాకి డ్రోన్‌ను కూల్చింది. దాన్ని విప్పగల చేతులు మన దగ్గర ఉన్నాయి కాబట్టే.

ఆ చేతులు చాలావరకు మన చుట్టూనే ఉన్నాయి. సైన్యంలోని ప్రతి బండినీ, ప్రతి తుపాకినీ బాగుచేసే ఇ.ఎం.ఇ. దళానికి చదువు చెప్పే కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది. గిడ్డంగులు, మందుగుండు చూసుకునే ఆర్డ్‌నెన్స్ కోర్ కేంద్రమూ సికింద్రాబాద్‌లోనే. ఫిరంగిదళ శిక్షణ కేంద్రం గోల్కొండ దగ్గర. ఇంత పని మన కళ్ల ముందు జరుగుతున్నా, ఆయుధమనగానే మనకు గుర్తొచ్చేది రిపబ్లిక్ డే కవాతులో బండి మీద పోయే క్షిపణి మాత్రమే.

కాబట్టి చివరిగా మీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఇకమీదట కొత్త ఆయుధం గురించి వార్త వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. దీని తూటా ఎక్కడ తయారవుతుంది? ఇది పాడైతే విప్పి బాగుచేసేది ఎవరు, ఎన్ని రోజుల్లో? పదేళ్ల తర్వాత దీన్ని మార్చే హక్కు, డ్రాయింగు మన దగ్గర ఉందా? దీన్ని వాడే జవాను మాట వినే మనిషి ఎవరు? పత్రికల్లో రాసేవారు ఇవే రాయండి. ఓటు అడగడానికి వచ్చే పార్లమెంటు అభ్యర్థిని ఇవే అడగండి. ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని ఒప్పందం ఎంత పెద్దదైనా సగం ఒప్పందమే.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. ఫిరంగి లోపలి గాడి, ఫ్యూజులోని చిన్న స్ప్రింగు, ట్యాంకు గేరుబాక్సు, మంచుకు పగలని ప్లాస్టిక్. ఇవి పేరు తెచ్చే పనులుగా కనిపించవు. కానీ మన సైన్యం గత డెబ్బై ఏడేళ్లలో ఇబ్బంది పడింది సరిగ్గా ఈ చిన్న పనుల దగ్గరే. కాంతి స్వభావాన్ని పరిశోధించిన భగవంతం గారు, దేశం అడిగిన రోజున వర్క్‌షాపులు, ప్రయోగశాలలు నిలబెట్టే పనికి కూర్చున్నారు. ఆయన మీద గౌరవం ఉంటే మీలో కొందరైనా ఆ బల్ల దగ్గరికి రండి. అక్కడ చేయాల్సిన పని చాలా ఉంది.